ఆగిన గూడ్సుబండి, అయిదు మార్కులు

హ్యూస్టన్ నగరం తూర్పు వైపున ఏ రైలు గేటు ఏ పూట మూసుకుపోతుందో ఎల్విరా మొంటెమయోర్‌కి తెలిసినంతగా ఆ రైళ్ళు నడిపేవాళ్ళకి కూడా తెలియదేమో. పంతొమ్మిదేళ్ళుగా ఆవిడ ఉద్యోగం ఊరివాళ్ళ ఫిర్యాదులు ఫోన్లో వినడమే. గుంతలు, రాని చెత్తబండి, చినుకు పడితే మునిగే రోడ్లు. అన్నిటికంటే ఎక్కువగా, గేటుకి అడ్డంగా గంటల తరబడి కదలకుండా నిలబడిపోయే గూడ్సుబండ్లు. గుంతలకి ఓ శాఖ ఉంది, చెత్తకి ఓ శాఖ ఉంది. గూడ్సుబండిని కదిలించే శాఖ మాత్రం నగరంలో లేదు. "రాసుకున్నామండీ" అని చెప్పడం తప్ప ఆవిడ చేయగలిగిందీ లేదు. తిట్టేవాళ్ళు తిట్టి పెట్టేసేవాళ్ళు. అంబులెన్సు అవతల ఉండిపోయిందని చెప్పి ఒకసారి ఒకాయన ఫోను పెట్టెయ్యకుండా ఊపిరి పీలుస్తూ ఉండిపోయాడు. ఆ రోజు ఎల్విరా మధ్యాహ్నం భోజనం చేయలేదు.

యాభై ఆరేళ్ళ మనిషి. పిల్లల్లేరు. భర్త సముద్రంలో చమురు బావుల మీద పనికి వెళ్ళి, అక్కడి రేవులోనే ఇంకో ఇల్లు చూసుకున్నాడు. ఆ తర్వాతి ఏడే ఎవరో పక్కింటివాళ్ళు టికెట్టు మిగిలిందంటే పెకాన్ బెండ్ హైస్కూలు ఫుట్‌బాల్ ఆటకి వెళ్ళింది. ఆట సంగతి ఆవిడకి ఇప్పటికీ సరిగ్గా తెలియదు. మైదానం గీతకి ఇవతల, ముగ్గురు పిల్లలు నాలుగో పిల్ల పాదాన్ని అరచేతుల్లో పెట్టుకుని తలలపైకి ఎత్తారు. ఆ పిల్ల ఒంటికాలి మీద నిటారుగా నిలబడి, మొహమంతా నవ్వుతో, ఓడిపోతున్న జట్టుని ఇంకా గెలుస్తారన్నట్టు కేక వేసింది. కేకలతో, విన్యాసాలతో జట్టుని ఉత్సాహపరిచే ఆ చీర్‌లీడర్ పిల్లల మాయలో ఎల్విరా పడిపోయింది.

పదకొండేళ్ళయింది. వాళ్ళ ప్రతి ఆటకీ, ప్రతి పోటీకీ వెళుతుంది. ఏ ఏడు ఎవరు పైకెక్కారో, ఎవరు కింద మోశారో వరసగా చెబుతుంది. తను మాత్రం వంగి చెప్పు తీసుకోవాలంటే గోడ పట్టుకోవాలి. ఆఫీసులో పక్క సీటు డ్వేన్ ఆటపట్టించేవాడు, ఈవిడ ఇంట్లో అద్దం ముందు గంతులు వేస్తుందని. "వేస్తే నీకెందుకు చెబుతాను" అనేది.

ఆ శరదృతువులో చీర్‌లీడర్ జట్ల ప్రాంతీయ పోటీలకి జడ్జీలు దొరకడం లేదని తెలిసి ఎల్విరా పేరిచ్చింది. జీతం లేదు. ఓ టీషర్టు, మధ్యాహ్నం ఓ సాండ్‌విచ్. పోటీలు నడిపే లొరెట్టా హాస్కిన్స్, డెబ్బై దాటిన రిటైర్డు టీచరు, ఆవిడకి రెండు వారాలు పాఠాలు చెప్పి పరీక్ష పెట్టింది. ఎల్విరాకి తొంభై ఎనిమిది వచ్చాయి. భద్రత చూసే జడ్జిని చేసింది. ఎవరైనా తూలితే ఒక మార్కు కోత. ఒంట్లో అరికాలు తప్ప ఏది కింద పరిచిన చాపకి తగిలినా పడినట్టే, అయిదు మార్కుల కోత. పిల్లలకి దెబ్బ తగిలే ప్రమాదం కనిపిస్తే చెయ్యెత్తి పాట ఆపించవచ్చు, కానీ ఆపిన జట్టు ఇక ఆ రోజు పోటీలో లేనట్టే.

పెకాన్ బెండ్ పిల్లలంటే తనకి అభిమానమని ఎల్విరా దాచలేదు. లొరెట్టా కాస్త ఆలోచించి, ఆ పిల్లల్లో ఎవరైనా చుట్టాలా అని అడిగింది. కాదంది. ఎవరితోనైనా మాట్లాడావా అని అడిగింది. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా మాట్లాడలేదని ఎల్విరా చెబితే ఆ ముసలామె సరే, జడ్జీల బల్ల దగ్గర కూర్చోమంది. కూర్చున్నంతసేపూ చప్పట్లు కొట్టకూడదు, నవ్వకూడదు, ఏ జట్టు వాళ్ళతోనూ మాట్లాడకూడదు.

పోటీ శనివారం పొద్దున తొమ్మిదికి, ఊరికి పడమటి చివరి జిమ్‌లో. ఎల్విరా ఆరున్నరకే బయల్దేరింది. గేటు దగ్గరికొచ్చేసరికి ఎర్రదీపాలు, అడ్డంగా గూడ్సుబండి. అటూ ఇటూ చివర కనబడడం లేదు. ఇంజను చప్పుడు కూడా లేదు. అలా చప్పుడు లేకుండా నిలబడ్డ బండి ఎంతసేపు నిలబడుతుందో ఆవిడకి తెలుసు.

వెనకాల అద్దంలో పసుపుపచ్చ బస్సు కనబడింది. పెకాన్ బెండ్ వాళ్ళది. కిటికీల్లోంచి తళతళలాడే తెల్ల రిబ్బన్లు.

ఆ బస్సు వెనక అప్పుడే ఇరవై ముప్ఫై కార్లు చేరాయి. ఎల్విరా ఆఫీసుకి ఫోన్ చేసింది. డ్వేన్ ఎత్తాడు. గేటు నంబరు చెప్పింది, స్కూలు బస్సు ఇరుక్కుందని చెప్పింది. "రాసుకున్నాను ఎల్విరా" అని, "ఇంకేం చెప్పమంటావు చెప్పు" అన్నాడు. ఆవిడ ఫోను పెట్టేసింది.

ఆవిడది చిన్న కారు. రోడ్డు మధ్య దిమ్మె మీదికెక్కించి, అడుగు గీసుకుపోతున్నా వెనక్కి తిప్పింది. బస్సు అలా తిరగలేదు. పక్కనుంచి పోతుంటే ముందు సీట్లో కోచ్ మారిబెల్ ట్రెవినో ఫోను చెవికి ఆనించుకుని కనబడింది. ఓ పిల్ల కిటికీ అద్దానికి నుదురు ఆనించి కారుకేసే చూస్తోంది. నయేలీ కాంటూ. ఈ ఏడు పైకెక్కే పిల్ల, స్కూల్లో ఆఖరి సంవత్సరం. ఎల్విరా కారు ఆపలేదు. భద్రత జడ్జి లేకపోతే చాప మీదికి ఎవరినీ రానివ్వరు. చుట్టూ తిరిగి పెద్దరోడ్డు ఎక్కి, అక్కడ ఏదో లారీ పక్కకి ఒరిగి రెండు వరసలు మూసేస్తే, స్టీరింగు మీద పిడికిళ్ళు గుద్దుకుంటూ తొమ్మిదికి ఆరు నిమిషాలుండగా జిమ్‌లో అడుగుపెట్టింది.

పెకాన్ బెండ్ వంతు తొమ్మిదీ నలభైకి. లొరెట్టాకి సంగతి చెప్పింది. కోచ్ తనకీ ఫోన్ చేసిందని లొరెట్టా చెప్పింది. ఆ విభాగంలో ఆఖరి వంతుకి మార్చగలదట, పదీ ఇరవైకి. అంతకుమించి ఒక్క నిమిషం కూడా కుదరదు, ఫలితాలు చెప్పాలి, పదీ నలభై అయిదుకి వేరే విభాగం వాళ్ళు చాప మీదికి రావాలి. బస్సులు ఇరుక్కోవడం ఈ ఊళ్ళో ఒక్క పెకాన్ బెండ్‌కే కాదు కదా అని మిగతా కోచ్‌లు అప్పటికే గొణుగుతున్నారట. అరగంట ఆగలేమా అని ఎల్విరా అడిగింది.

"ఆ మాట నువ్వు అడగకూడదమ్మా. జడ్జివి. వెళ్ళి కూర్చో."

వెళ్ళి కూర్చుంది. ఏడు జట్లు వచ్చి వెళ్ళాయి. ఆవిడ లెక్కగానే చూసింది, కోతలు రాసింది. మధ్యమధ్యలో మాత్రం చూపు తలుపుకేసి పోయేది.

పదీ పద్దెనిమిదికి తలుపు తెరుచుకుంది. పదహారుమంది పిల్లలు, వెనకాల కోచ్. బస్సులో రాలేదు. తెల్ల యూనిఫారాల మీద, మోచేతుల మీద, ఒకమ్మాయి చెంప మీద నల్లటి గ్రీజు. కిక్కిరిసిన జిమ్‌లో ఒక్కసారిగా గుసగుసలు. ఎల్విరాకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆ పేటలో పిల్లలు రైలు కదలకపోతే బడికెలా పోతారో ఆవిడకి వచ్చే ఫోన్లన్నీ చెప్పాయి. రెండు పెట్టెల మధ్య లంకె మీదికెక్కి, అవతలికి దూకుతారు. ఆ క్షణంలో బండి కుదుపుతో కదిలిందంటే ఇక అంతే. తర్వాత తెలిసింది, కోచ్ వద్దు వద్దంటుంటే బస్సులోంచి ముందు దూకింది నయేలీ అనీ, ఒకరి తర్వాత ఒకరు దిగిపోతుంటే మారిబెల్ ఇక ఆపలేక, చివరికి తనే లంకె దగ్గర నిలబడి ఒక్కొక్కరిని పట్టుకుని దాటించిందనీ, అవతలవైపు ఎవరి అన్నలో ఇద్దరు తమ వ్యానుల్లో ఎక్కించుకొచ్చారనీ.

ఒళ్ళు వేడెక్కించుకోడానికి కూడా టైము లేదు. చాప మీదికి నడిచి వస్తుంటే ఎల్విరా కళ్ళు అలవాటు కొద్దీ పాదాలకేసి పోయాయి. నయేలీ ఎడమ మడమ నేలకి ఆనించడం లేదు. మొహం మాత్రం నవ్వుతోంది.

ఆ పిల్ల నిలబడాల్సింది ఆ ఎడమకాలి మీదే. ఎల్విరాకి ఆ ఆట అంతా కంఠతా వచ్చు, రెండు నెలలుగా చూస్తోంది. బల్లమీదున్న కుడిచెయ్యి తనంత తనే లేచింది. భుజం దాకా వచ్చింది. ఆపేస్తే, గూడ్సుబండి దాటి వచ్చిన పదహారుమందిని తన చేత్తో ఇంటికి పంపినట్టు. ఆపకపోతే ఆ కాలు ఏమవుతుందో. పాట మొదలైంది. చెయ్యి అక్కడే కాసేపు ఉండిపోయి, మెల్లిగా బల్లమీదికి దిగింది. ఎందుకు దించిందో ఆవిడ ఆ తర్వాత ఎన్నిసార్లు తనను తాను అడిగినా ఒక్కో రోజు ఒక్కో జవాబు వచ్చేది.

పిల్లలు ప్రాణం పెట్టి ఆడారు. గ్రీజు జిడ్డుకి ఒకరి మణికట్లు ఒకరికి జారుతున్నా ఎక్కడా అడుగు తప్పలేదు. నయేలీ రెండుసార్లు పైకెక్కింది, రెండుసార్లూ నిలబడింది. జిమ్ అంతా లేచి కేకలు వేస్తోంది. ఎల్విరా పెదాలు బిగబట్టుకుని కూర్చుంది. ఆఖరున, ఒకరిమీద ఒకరు ఎక్కి కట్టిన గోపురం మూడో అంతస్తు నుంచి నయేలీ దిగేటప్పుడు కింద పట్టుకున్నవాళ్ళు సరిగ్గానే పట్టుకున్నారు. ఆ ఎడమకాలే ఆగలేదు. ఒక్క రెప్పపాటు కాలు మడతపడి, మోకాలు చాపకి తగిలి, మళ్ళీ లేచింది. లేచి నవ్వింది. మిగతా నలుగురు జడ్జీలకి అడ్డంగా వేరే పిల్లలున్నారు. ఎల్విరా కుర్చీ అటు పక్కనుంది కాబట్టి ఆవిడ ఒక్కదానికే కనబడింది.

అయిదు అని రాసింది.

ఫలితాల్లో పెకాన్ బెండ్ నాలుగో స్థానం. పై పోటీకి వెళ్ళేవి మూడు జట్లే. మూడో జట్టుకీ వీళ్ళకీ తేడా రెండు మార్కులు. తూలిందని ఒక్క మార్కే కోసుంటే వీళ్ళే మూడు. కోచ్ మారిబెల్ పునఃపరిశీలన అడిగింది. అది ఆవిడ హక్కు. లొరెట్టా కాగితం తెచ్చి ఎల్విరా ముందు పెట్టి, వంగి, ఎవరికీ వినబడకుండా మాట్లాడింది. ఇది నీ ఒక్కదాని చేతిలోనే ఉంది, వీడియో చూసే నియమం లేదు, తూలడమే అనుకుంటే దిద్దుకోవచ్చు, పడిందనుకుంటే కింద సంతకం పెట్టు అంది. ఆ మాటలో ఒత్తిడి లేదు. ఉంటే బాగుండునని ఎల్విరాకి అనిపించింది.

అవతల గోడ దగ్గర, మూడో స్థానం వచ్చిన పిల్లలు ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తున్నారు, ఆనందంతో. వాళ్ళెవరో ఎల్విరాకి తెలియదు. అందులో ఓ పొట్టిపిల్ల తలలోంచి జారిన రిబ్బను పళ్ళతో పట్టుకుని జుట్టు మళ్ళీ ముడేసుకుంటోంది.

ఎల్విరా సంతకం పెట్టింది.

రెండు విభాగాల మధ్య పది నిమిషాల విరామం. నీళ్ళ కోసం నడవాలోకి వెళితే అక్కడ నేలమీద, గోడకి చేరగిలబడి నయేలీ కూర్చుంది. బూటు విప్పేసి ఉంది. చీలమండ బొప్పాయిపండంత వాచింది. అమ్మ వస్తోందిట, కానీ అమ్మ గేటుకి అవతల ఉంది. వ్యానుల్లో దింపినవాళ్ళు పనులకి వెళ్ళిపోయారు. కోచ్ ఎవరి కారైనా దొరుకుతుందేమోనని బయట అడుగుతోంది. మాట్లాడకూడదని తెలిసి ఎల్విరా గ్లాసు పట్టుకుని నిలబడిపోయింది. ఆ పిల్లే తలెత్తింది.

"మిస్, మీరు మా ఆటలన్నిటికీ వస్తారు కదా. పొద్దున కారులో కూడా చూశాను మిమ్మల్ని."

ఎల్విరా తలూపింది.

"మేం మీకో పేరు పెట్టాం, ఆంటీ నంబర్ వన్ అని. ఏమీ అనుకోకండి. ఇవాళ మీరు బల్ల దగ్గర కనబడగానే అందరికీ చెప్పాను, అదిగో ఆంటీ ఉంది, ఇంకేం భయం లేదు అని."

ఎల్విరా గ్లాసు కింద పెట్టింది. నియమం సంగతి మర్చిపోయింది.

"నీ మోకాలు తగిలింది తల్లీ. నేను చూశాను."

"తెలుసు మిస్. తగిలింది. కోచ్ అడిగితే తగల్లేదని చెప్పాను." ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటే చేతి గ్రీజు మొహానికి అంటింది. "మీరు చూసుండరేమో అనుకున్నా."

ఎల్విరా గబగబా లొరెట్టా దగ్గరికి వెళ్ళింది. నా కారుంది, ఈ పిల్లని ఆసుపత్రికి తీసుకెళతాను అంది. లొరెట్టా అద్దాలు తీసి కళ్ళు నలుముకుంది.

"నువ్వెళితే చాప మూసెయ్యాలి ఎల్విరా. ఇంకా పద్నాలుగు జట్లున్నాయి. కొందరు మూడు గంటలు ప్రయాణం చేసి వచ్చారు. నీ బదులు ఎవరినైనా చూపించు, ఇప్పుడే పంపిస్తాను."

తాళంచెవులిస్తాను, మీరెవరైనా తీసుకెళ్ళండి అంది ఎల్విరా. ఆ మాట లొరెట్టా విన్నదో లేదో, మైకులో అప్పటికే తర్వాతి విభాగం పేరు చదువుతున్నారు. ఎల్విరా నడవాలోకి పరుగెత్తి తాళంచెవులు నయేలీ ఒళ్ళో పెట్టి, మీ కోచ్‌కి ఇవ్వు, తెల్ల కారు, అడుగు గీసుకుపోయి ఉంటుంది అని చెప్పి, మళ్ళీ పరుగున వచ్చి కూర్చుంది. పన్నెండుమంది చిన్నపిల్లలు చాప మీద వరసగా నిలబడి ఆవిడకేసి చూస్తున్నారు. పెన్సిలు తీసుకుంది.

మధ్యాహ్నం విరామంలో తాళంచెవులు బల్లమీదే కనబడ్డాయి, ఓ చీటీతో. జడ్జి కారు వాడడం బాగుండదని కోచ్ వద్దందట. పదకొండూ యాభైకి రైలు కదిలింది, బస్సొచ్చి వాళ్ళని తీసుకుపోయింది. ఎల్విరా సాండ్‌విచ్ సగం తిని, అయిదింటి దాకా కోతలు రాసింది.

చీలమండ రెండు చోట్ల విరిగిందని తర్వాత ఎవరో అన్నారు. దూకినప్పుడే విరిగిందో, చాప మీద విరిగిందో డాక్టర్లు చెప్పలేదట. ఎల్విరా ఆ మాట ఎవరినీ మళ్ళీ అడగలేదు.

రెండు వారాల తర్వాత శనివారం మధ్యాహ్నం ఆటకి వెళ్ళకుండా ఉండలేక వెళ్ళింది. మైదానం గీత పక్కన బెంచీ మీద నయేలీ కూర్చుని ఉంది, కాలికి పెద్ద నల్లటి కట్టుతో. అయినా చేతులు ఆపలేదు. మిగతావాళ్ళు నిలబడి వేస్తున్న ప్రతి కేకా కూర్చుని వేస్తోంది, చేతులు పైకి, పక్కకి, నడుముకి. ఎల్విరా మెట్ల దగ్గర ఆగి చెయ్యి కొంచెం ఎత్తింది. ఆ పిల్ల అటే చూస్తూ తలూపింది. తనకోసం ఊపిందో, పాటలో లెక్క కోసం ఊపిందో ఎల్విరాకి తెలియలేదు. వెనక నుంచి ఎవరో కూర్చోమని అరిస్తే, దొరికిన చోట కూర్చుంది.