మిషన్ చెప్పని మాట

"బూట్లు! సంచీ! టోపీ! ఇంకో ఐదు నిమిషాలే!" పొద్దున్నే వంటింట్లో రొట్టెలకి వెన్న రాస్తూ ఎరానా కేకలు పెడుతుంటే, సోఫాలో కాళ్ళు చాపుకున్న మొగుడు టామటి ఫోన్‌లోంచి తలెత్తకుండానే నవ్వాడు. "మొదలెట్టావా తల్లీ! మీ విమానంలో మాట్లాడే ఆ మిషనే నయం. దిగేటప్పుడే అరుస్తుంది. నువ్వు రోజంతానూ!" అత్తగారు కూడా కిసుక్కున నవ్వింది. నవ్వరూ మరి! ఎరానా అరవకపోతే ఆ ఇంట్లో కొడుకు బడికీ, మొగుడు పనికీ, అత్తగారు డాక్టరు దగ్గరికీ వేళకి చేరరు. చేరాక మాత్రం ఎవరికి వాళ్ళు సొంతంగా చేరినట్టే లెక్క.

మధ్యాహ్నం వెల్లింగ్టన్ మీద గాలి విమానాన్ని కుదిపేస్తుంటే, కోపైలట్ సీట్లో కూర్చున్న ఎరానాకి ఆ నవ్వే గుర్తొచ్చింది. పక్కన కెప్టెన్ డెస్మండ్. విమానం దించుతున్నది ఆయన. పొరపాటేదైనా జరిగితే చూసి చెప్పడం ఆమె పని. వచ్చే నెల ఆమె కెప్టెన్ అవుతుందా లేదా అన్నది కూడా ఆయన మాట మీదే ఉంది. బయల్దేరే ముందే అన్నాడు: "నీ చేయి మంచిదే అమ్మాయ్. నోరే కాస్త తగ్గించుకోవాలి." నలభై దాటిన అమ్మాయి! ఆమెకి ఒళ్ళు మండింది. అయినా "సరే సర్" అంది, ఇంట్లో వాళ్ళు నవ్వినప్పుడు అన్నట్టే, గొంతులో ఏ గరుకూ లేకుండా.

డెస్మండ్‌కి ఒక పిచ్చి ఉంది. చక్రాలు నేలని తాకినట్టు ఎవరికీ తెలియకూడదు. దిగిపోతూ ప్రయాణికులు "వెన్నలా దించారు సార్" అనాలి. పొడవాటి రన్‌వేల మీద ఆ ముచ్చట చెల్లుతుంది. వెల్లింగ్టన్ రన్‌వే పొట్టిది, రెండు చివరలా సముద్రమే. ఇక్కడ దబ్బున దించి బ్రేకు వెయ్యాలి.

"ఫిఫ్టీ," అంది మిషన్. "ఫార్టీ... థర్టీ..." నేలకి ఎన్ని అడుగుల ఎత్తులో ఉన్నారో చెబుతోంది. "ట్వెంటీ." వెంటనే "రిటార్డ్" అంది, ఇంజిన్ల జోరు తగ్గించమని. డెస్మండ్ తగ్గించలేదు. ముక్కు పైకెత్తి పట్టుకుని, మెత్తగా, ఇంకా మెత్తగా దించాలని చూస్తున్నాడు. విమానం దిగడం మానేసి తేలుతోంది. "రిటార్డ్... రిటార్డ్..." చక్రాలు తాకాల్సిన తెల్లగీతలు కిందనుంచి వెనక్కి వెళ్ళిపోయాయి.

మిషన్‌కి ఎత్తు తెలుసు. ముందు రన్‌వే ఎంత మిగిలిందో తెలియదు. అది మనిషే చూసి చెప్పాలి. ఇద్దరు పైలట్లలో ఎవరు "గో అరౌండ్" అన్నా మారుమాట లేకుండా విమానాన్ని తిరిగి పైకి లేపాలి, అదీ రూలు. కానీ ఆ మాట అంటే వచ్చే నెల గోవిందా. 'నెమ్మదిగా చెప్పొచ్చుగా' అనే టామటి. 'నీ గొంతు వింటే గంట మోగినట్టుంటుందే' అనే అత్తగారు. వీళ్ళందరి నోట విని విని, గొంతు దాకా వచ్చిన మాటని మింగడం ఆమెకి అలవాటైపోయింది. ఎదురుగా రన్‌వే చివర, దాని వెనక నీళ్ళు కనబడుతున్నాయి.

"గో అరౌండ్," అంది.

"ఉండమ్మాయ్, దిగుతోందిగా!"

"గో అరౌండ్!"

ఆయన వినలేదు. రెండుసార్లు చెప్పినా వినకపోతే ఏం చెయ్యాలో కూడా రూల్లో ఉంది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఆ అవసరం పడలేదు. "కంట్రోల్ నాది!" అని అరిచి, ఎరానా ఆయన చేతి మీదే చెయ్యేసి ఇంజిన్ల లివర్లు ముందుకి తోసేసింది. విమానం హోరుమని లేచింది. "చక్రాలు ఎత్తండి సర్," అంది. పాలిపోయిన ముఖంతో డెస్మండ్ ఎత్తాడు.

పైకెళ్ళి విమానాన్ని ఆటోపైలట్‌కి అప్పజెప్పింది. డెస్మండ్ గొంతు సవరించుకున్నాడు.

"ప్రయాణికులకి నేను చెప్తాలే. గాలి తోసింది, అందుకని నేనే పైకి లేపానని చెప్తా. నీకూ మంచిదమ్మాయ్. వచ్చే నెల సంగతి గుర్తుందిగా?" అంటూ మైకు కోసం చెయ్యి చాచాడు.

గుర్తు లేకేం! పొద్దున వంటింట్లో నవ్వులూ గుర్తున్నాయి. ఎరానా మైకు ముందే అందుకుంది.

"నేను కోపైలట్ ఎరానా పరాటాని. విమానాన్ని పైకి లేపింది నేను. మళ్ళీ దించేదీ నేనే. ఈసారి కాస్త గట్టిగా దిగుతాం."