తెల్లగుడ్డ మీద ఎర్రదారం

గాజు గ్లాసులో నీళ్ళు మరీ తేటగా ఉండడమే ఆ ఉదయం రంగులక్క కొంప ముంచబోయింది.

పెరటి గోడ పక్కన గొట్టంలోంచి అప్పుడే పట్టిన నీళ్ళవి. ఇన్‌స్పెక్టరమ్మ గ్లాసును వెలుగుకి ఎత్తి పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. అవతల ఆమె వేలి గీతలు కూడా కనిపిస్తున్నాయి.

"ఇవి రంగుల బానల్లోంచి వచ్చిన నీళ్ళేనా?"

"అవునమ్మా. బానల్లోంచి తొట్టిలోకి, తొట్టిలోంచి ఆ జమ్ము మడిలోకి, మడిలోంచి ఇక్కడికి."

"మా ఇంట్లో కుళాయి తిప్పినా ఇంత మంచి నీళ్ళు రావు."

రంగులక్క భర్త అది మెచ్చుకోలనుకుని మురిసిపోయాడు. "తాగి చూపించమంటారా మేడమ్?" అని గ్లాసు కోసం చెయ్యి చాపాడు.

"మీరు కాస్త ఊరుకోండి" అంది రంగులక్క. ఇన్‌స్పెక్టరమ్మ ముఖంలో ఉన్నది మెచ్చుకోలు కాదని ఆమెకి అప్పటికే అర్థమైపోయింది.

తెరలకీ, దుప్పట్లకీ, హోటళ్ళ బల్లగుడ్డలకీ రంగులు వెయ్యడం ఆ ఇంటి పని. రంగులక్క చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉంటాయి. కూరగాయల బండివాడు చిల్లర అందుకుంటూనే "ఈ వారం నీలమా అక్కా?" అనేస్తాడు. పెరట్లో పొయ్యిల మీద రాగి బానలు, డాబా మీద ఈ చివరి నుంచి ఆ చివరికి తీగలు. ఆ బానలు అత్తగారివి. పని నేర్పిందీ ఆవిడే. పోయేముందు కోడలి చెయ్యి పట్టుకుని "బానలు చల్లారనివ్వకు" అంది.

ఇప్పుడు అవి చల్లారే రోజొచ్చింది. ఊళ్ళో రంగుల షాపులన్నీ ఊరవతలి షెడ్లలోకి వెళ్ళిపోవాలని మునిసిపాలిటీ తీర్మానం చేసింది. మురుగు శుభ్రం చేసి వదులుతున్నట్టు రుజువు చేసుకున్నవాళ్ళకి మాత్రం మినహాయింపు. వాళ్ళకి సభ పెట్టి గుర్తింపు పలక ఇస్తారు, ఉన్నచోటే ఉండనిస్తారు. ఆ తనిఖీకి ఇదే ఆఖరి రోజు.

"ఉన్నమాట చెబుతాను, ఏమీ అనుకోకండి" అంది ఇన్‌స్పెక్టరమ్మ. "పోయిన వారం ఒక షాపులో ఇలాగే తేట నీళ్ళు చూపించారు. తీరా చూస్తే నేను వస్తున్నానని ముందే పని ఆపేసి, గొట్టంలోకి కుళాయి నీళ్ళు వదిలారు. మీరూ అలా చెయ్యలేదని నాకెలా తెలుస్తుంది?"

"అయ్యో, పొయ్యి మీద బాన మరుగుతూనే ఉందిగా!" అన్నాడు భర్త.

"ఇవాళ మరుగుతోంది. నిన్నా మొన్నా?"

"పోనీ ఇప్పుడే ఒక బాన ఒంపేస్తాం. మీ కళ్ళముందే."

రంగులక్క తల అడ్డంగా ఊపింది. "ఇప్పుడు ఒంపితే గొట్టం దగ్గరికి వచ్చేసరికి మూడు రోజులు పడుతుంది. తొట్టిలో పటికా సున్నం వేస్తే రంగు అడుగుకి దిగడానికి ఒక రోజు. తర్వాత ఇసుకా బొగ్గూ దాటి, జమ్ము వేళ్ళ మధ్యనుంచి మెల్లగా రావాలి. తొందరపెడితే రంగు మిగిలిపోతుంది."

"నేను సాయంత్రానికల్లా రిపోర్టు ఇచ్చెయ్యాలి" అంది ఇన్‌స్పెక్టరమ్మ. గొంతులో విసుగు లేదు, నిజంగానే ఇబ్బంది పడుతోంది. "ఈ గొట్టం రోజూ చూసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? మీ చుట్టాలు కాకుండా."

భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రోజూ చూసే మనిషి ఉంది. చుట్టం కాదనడానికి మాత్రం వీల్లేదు. అంతకంటే పెద్ద చిక్కేమిటంటే, ఆవిడ నోరు తెరిస్తే ఏం వస్తుందో ఎవరికీ తెలియదు.

"మీ మీద ఆఫీసులో ఫిర్యాదులు కూడా ఉన్నాయి" అంది ఇన్‌స్పెక్టరమ్మ, వాళ్ళ మనసులోకి తొంగిచూసినట్టు. "అన్నీ పక్కింటావిడవే."

పక్కింటావిడంటే మిషనమ్మ. వీధి వైపు గదిలో కుట్టుమిషను పెట్టుకుంది, పొద్దస్తమానం దాని చప్పుడు వినిపిస్తూ ఉంటుంది గనక ఆ పేరు. రంగులక్క భర్తకి స్వయానా అక్క. రంగులక్క పెరటి మురుగు మిషనమ్మ వంటింటి కిటికీ కిందుగా పోయి కాలవలో కలుస్తుంది. ఆ కాలవగట్టు ఆడవాళ్ళంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. ఆదివారాలు చెత్త ఏరుతారు, గట్టు కోసుకుపోకుండా జమ్ము నాటుతారు. ఆ సంఘానికి మిషనమ్మే పెద్ద.

వదినా మరదళ్ళకి మాటల్లేకుండా పోయింది బాతుల వల్ల. మిషనమ్మ ముచ్చటపడి తెల్ల బాతుల్ని పెంచుకుంది. రంగులక్క ఒక హోటలు వాళ్ళ తెరలకి ఎర్ర రంగు వేసిన రోజున అవి మురుగులో దిగాయి. సాయంత్రం తిరిగొచ్చేసరికి ఒక్కొక్కటీ గులాబి రంగు. ఎంత కడిగినా వదల్లేదు. వీధి వీధంతా చూడ్డానికి వచ్చింది. గుడ్లు కొనేవాళ్ళు "పచ్చసొన ఏ రంగులో ఉంటుంది?" అని అడగడం మొదలుపెట్టారు. నవ్వులపాలై మిషనమ్మ బాతుల్ని అమ్మేసింది. రంగులక్క క్షమాపణ చెప్పడానికి వెళ్తే తలుపు తియ్యలేదు. మర్నాడే ఆఫీసుకెళ్ళి మొదటి ఫిర్యాదు పెట్టింది.

అప్పటినుంచి ఆ రెండిళ్ళ మధ్య ఏం మాట నడిచినా రంగులక్క భర్త నోటి మీదుగానే. ఎదురెదురుగా నిలబడి కూడా "ఒరేయ్, మీ ఆవిడతో చెప్పు" అని ఒకరూ, "ఏమండీ, మీ అక్కగారితో అనండి" అని ఒకరూ. ఇద్దరూ వింటూనే ఉంటారు. అయినా అతను మళ్ళీ మొదటినుంచీ చెప్పాలి.

"ఆ ఫిర్యాదులు కూడా ఈమధ్య రావడం లేదు" అంటోంది ఇన్‌స్పెక్టరమ్మ. "ఎందుకాగిపోయాయో?"

"విసుగొచ్చి ఉంటుంది" అన్నాడు భర్త.

"నాకా విసుగు?"

గొంతు గోడ మీదనుంచి వచ్చింది. మిషనమ్మ అవతల స్టూలు వేసుకుని ఎక్కినట్టుంది, భుజాల దాకా కనిపిస్తోంది. మెడలో కొలతల టేపు వేలాడుతోంది. ఎంతసేపటినుంచి అక్కడుందో ఎవరూ గమనించలేదు. తల చటుక్కున గోడ కిందికి మాయమైంది. తలుపు చప్పుడైంది. కాసేపటికి చంకలో పెద్ద మూటతో వీధి గుమ్మంలోంచి లోపలికొచ్చింది.

ఇంతకాలం తర్వాత వదిన గడప తొక్కింది, అదీ ఇవాళ.

మిషనమ్మ ఎవరివైపూ చూడకుండా మూటని బట్టలుతికే బండ మీద పడేసింది. "ఒరేయ్, ఆ డాబా మీద తీగలు ఖాళీ చెయ్యమని మీ ఆవిడకి చెప్పు."

"తీగలు ఖాళీ చెయ్యమంటోంది" అన్నాడతను.

"వినిపించింది. ఎందుకో అడగండి."

"ఎందుకని అడుగుతోందక్కా."

"ఈ గోల నావల్ల కాదు గానీ, నేనే పైకి వస్తాను" అని ఇన్‌స్పెక్టరమ్మ మెట్లవైపు నడిచింది.

డాబా మీద మిషనమ్మ మూట విప్పింది. గుడ్డపేలికలు. పాత తెల్ల దుప్పట్లని అరచెయ్యంత వెడల్పున కత్తిరించి, ఒక్కోటీ అంచు మడిచి కుట్టింది. పేలికనైనా అంచు కుట్టకుండా ఉంచడం ఆవిడకి చేతకాదు.

"మొదటిసారి మీ ఆఫీసుకెళ్ళినప్పుడు" అని ఇన్‌స్పెక్టరమ్మతో మొదలుపెట్టింది, "నీళ్ళలో రంగుందని చెబితే అక్కడి గుమస్తా రుజువేదీ అన్నాడు. సరే అని గుడ్డ ముంచి పట్టుకెళ్ళాను. ఇది ఈ షాపు రంగే అని ఏంటి గ్యారంటీ అన్నాడు. అంత మాటన్నాక ఊరుకుంటానా? అప్పటినుంచి వారం వారం కిటికీ కింద ఒక గుడ్డ ముంచడం, ఆ రోజు ఈ డాబా మీద ఏ రంగు బట్టలు ఆరుతున్నాయో చూసి, నా పెట్టెలో సరిగ్గా ఆ రంగు దారం వెతికి గుడ్డ మూలకి ఒక పువ్వు కుట్టడం. దారం కూడా పిచ్చి దారం కాదు, పట్టుదారం."

"ఎన్ని ఉన్నాయమ్మా ఇవి?"

"లెక్క ఎవడు పెట్టాడు? దుప్పట్లన్నీ అయిపోయాయి, కావాలంటే వచ్చి చూడండి, ఉత్త పరుపు మీద పడుకుంటున్నాను." చివాలున రంగులక్క వైపు తిరిగింది. "ఏమే, అలా నిలబడి చూస్తావేం? క్లిప్పులెక్కడ పెట్టావు?"

రంగులక్క భర్త అలవాటు కొద్దీ "క్లిప్పులెక్కడ అని..." అని మొదలుపెట్టి సగంలో ఆగిపోయాడు. అక్క నేరుగా తన పెళ్ళాంతోనే మాట్లాడింది.

"ఇక్కడే ఉన్నాయి వదినా" అంది రంగులక్క. ఆ 'వదినా' కాస్త పెద్దగానే వచ్చింది.

ఇద్దరూ చెరోవైపు నుంచీ పేలికల్ని వరసగా తగిలించడం మొదలుపెట్టారు. మొదటి తీగ మీద ముదురు ఎరుపు, ఇంకు నీలం, ఆకుపచ్చ. వాటి మూలల్లో పువ్వులు ఉన్నాయంటే ఉన్నాయి, ఎర్ర గుడ్డలో ఎర్ర పువ్వు కలిసిపోయి వేలితో తడిమితే తప్ప తెలియడం లేదు. రెండో తీగకి వచ్చేసరికి గుడ్డలు వెలవెలబోతున్నాయి, పువ్వులు మెల్లగా బయటపడుతున్నాయి. మధ్యలో ఒకటి మళ్ళీ భగ్గుమని ఎర్రగా ఉంది.

"ఇదేంటి?" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

"అప్పుడు మడి గట్టు తెగింది" అంది రంగులక్క తలొంచుకుని. "బొగ్గు సరిపడా వెయ్యలేదు. మళ్ళీ తవ్వి వేశాం."

"చూశాను, చూశాను" అంది మిషనమ్మ. "దొరికావే అనుకున్నాను. ఆ వారం ఎంత హాయిగా నిద్రపోయానో!"

మూడో తీగ మీద అన్నీ తెల్లటి పేలికలే. తెల్లటి గుడ్డ, మూలన ఒక ఎర్ర పువ్వు. తెల్లటి గుడ్డ, ఒక నీలి పువ్వు. పసుపు, ఊదా, నలుపు, మళ్ళీ ఎరుపు. గాలికి తీగంతా ఊగుతుంటే పువ్వులు మాత్రమే కదులుతున్నట్టుంది. రంగులక్క చేతిలో క్లిప్పు అలాగే ఉండిపోయింది. పటిక ఎంత వెయ్యాలో తెలియక పాడుచేసిన తొట్లు, ఇసుక మోసి వాచిన భుజాలు, ఒక్కరు కూడా బాగుందని అనని రోజులు. అవన్నీ ఎవరో పక్కనే కూర్చుని చూసినట్టు ఇక్కడ ఆరేసి ఉన్నాయి.

ఇన్‌స్పెక్టరమ్మ తీగ పొడుగునా నడిచింది. ఒక్కో పువ్వునీ వేలితో ముట్టుకుంటూ వెళ్ళి, వెనక్కి వచ్చింది. "ఏ వారమూ పని ఆగలేదన్నమాట."

"ఆగితే నాకు తెలియదూ?" అంది మిషనమ్మ.

"నీళ్ళు తేటబడుతున్నాయని తెలిసి కూడా గుడ్డలు ముంచడం ఆపలేదేం?"

"ఎక్కడో ఒకచోట దొరక్కపోతుందా అని." మిషనమ్మ టేపు సర్దుకుంది. "ఆ తర్వాత... ఏమో, ఈసారి కూడా తెల్లగానే వస్తుందా అని చూడబుద్ధయ్యేది. ముంచేముందు కాస్త గాభరాగా కూడా ఉండేది. అవి మా అమ్మ బానలండీ. నేను ఆ బానల పక్కనే పెరిగాను."

మిషనమ్మ వెంటనే మాట మార్చింది.

"ఇంకో సంగతి. మీ మడిలో జమ్ము ఎక్కడిది?"

రంగులక్క భర్త ఒక్కసారిగా డాబా అంచున కాకుల్ని చూడడంలో మునిగిపోయాడు.

"మా సంఘం వాళ్ళు గట్టు మీద నాటిన జమ్ము. తెల్లారకముందే దుప్పటి ముసుగేసుకుని ఒకడొచ్చి పీకుతున్నాడు. మా వాళ్ళు కర్రలు తీశారు. నేనే ఆపాను. ముసుగేసుకుంటే మాత్రం ఆ నడక దాగుతుందా? చిన్నప్పుడు నడక నేర్పింది నేనేగా!"

"పిలకలు పెరిగాక తిరిగి నాటేద్దామనే..." అన్నాడతను.

"నోర్ముయ్ వెధవా."

ఇన్‌స్పెక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మీ సంఘం పేరేంటమ్మా?" అని అడిగింది. "షాపులకి ఇచ్చే గుర్తింపు వేరు, సంఘాలకి ఇచ్చేది వేరు. ఈసారి రెండోదానికి నాకింకా ఎవరూ దొరకలేదు."

సభ రోజున టౌను హాలు కిక్కిరిసిపోయింది. ముందు రెండు వరసలు కాలవగట్టు ఆడవాళ్ళవే. వెనక వీధి మొత్తం ఉంది, బండి ఎక్కడో ఆపేసి కూరగాయలవాడు కూడా వచ్చాడు. వేదిక మీద వెనక తెర ఉండవలసిన చోట ఇన్‌స్పెక్టరమ్మ ఆ పేలికల్నే ఎర్రటి వాటినుంచి తెల్లటి వాటిదాకా వరసగా కట్టించింది. రంగులక్క పేరు పిలవగానే చప్పట్లు మొదలై, ఆమె మెట్లెక్కి, పలక అందుకుని, ఏం చెయ్యాలో తెలియక దాన్ని బిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకునేదాకా ఆగలేదు. ఊదారంగు పనిలోంచి వచ్చిందేమో, మోచేతుల దాకా ఊదాగానే ఉంది. ఆ చేతుల్ని దాచుకోలేదు.

"ఈ షాపు ఇక్కడే ఉంటుంది" అని మైకులో చెప్పగానే వెనకనుంచి ఎవరో ఈల వేశారు. రంగులక్క భర్త చుట్టూ చూసి, వేసింది తనేనని ఎవరికీ తెలియనట్టు కూర్చున్నాడు.

తర్వాత సంఘాన్ని పిలిచారు. మిషనమ్మ వేదికెక్కింది. "నాకు మాట్లాడ్డం రాదు" అని మైకు పట్టుకుని చాలాసేపు మాట్లాడింది. బాతులతో మొదలుపెట్టింది. హాలంతా పడీపడీ నవ్వుతుంటే, రంగులక్క పమిట చెంగుతో కళ్ళొత్తుకుంది. చివర్న మిషనమ్మ మరదలి జబ్బ పట్టుకుని పక్కకి లాక్కుని, "దీన్ని పట్టుకుందామని ఎంత తిరిగానో! చివరికి పట్టుకున్నాను చూడండి" అంది. ఈసారి హాల్లో ఒక్కరు కూడా కూర్చుని లేరు.

ఇంటికొచ్చాక రెండు పలకలూ ఎక్కడ తగిలించాలన్న దాని మీద పెద్ద గొడవైంది. ఎవరి పలక వాళ్ళింట్లో ఉండాలని రంగులక్క అంది. నా గదిలో మేకు కొట్టే చోటే లేదని మిషనమ్మ అంది. ఆఖరికి రెండిళ్ళ మధ్య గోడ మీద, సరిగ్గా గొట్టం పైన, రెండూ పక్కపక్కనే ఎక్కాయి.

వారం తిరగకుండా రంగులక్క భర్త స్కూటరు వెనక గంప కట్టుకుని వచ్చాడు. గంపలో బాతులు. తెల్లటివి. మిషనమ్మ ఒక్కోదాన్నీ ఎత్తి, రెక్క కింద చూసి, గొట్టం ముందున్న నీటి మడుగులోకి వదిలింది. వీధి వీధంతా మళ్ళీ చూడ్డానికి వచ్చింది. బాతులు మునిగాయి, లేచాయి, తలలు విదిలించాయి. తెల్లగానే ఉన్నాయి.

రంగులక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి వదిన పక్కన నిలబడింది. ఆ వారం పసుపు రంగు నడుస్తోంది. మిషనమ్మ నడుము దగ్గర దోపుకున్న గుడ్డపేలిక తీసి, వంగి, బాతుల పక్కన నీళ్ళలో ముంచి తీసింది.

"ఇంకా నమ్మకం కుదరలేదా వదినా?"

"నమ్మకం సంగతి ఎవరడిగారు? మూడో తీగ సగమే నిండింది, చూళ్ళేదూ?" మిషనమ్మ పేలికని పిండి దులిపింది. "నీ పసుపు మామూలు పసుపులా లేదు, నా పెట్టెలో అలాంటి దారం లేదు. లోపలికెళ్ళి ఒక దారప్పోగు ఆ బానలో ముంచి పట్రా."

రంగులక్క చెంగు దోపుకుని పరిగెత్తింది.