సకినాల పిండిలో అక్షరాలు

పొద్దున ఎనిమిదయ్యేసరికి మేడ దిగి గేటు దాకా పోవాలంటే భద్రమ్మకు మనసొప్పేది కాదు. ఆ వేళకే సందు మలుపులో పసుపు బస్సు వచ్చి ఆగేది. చుట్టుపక్కల ఇళ్ల పిల్లలు టైలు కట్టుకుని, వీపులకు సంచులు తగిలించుకుని ఉరికేవాళ్లు. బస్సు కదిలిపోయాక సందులో మిగిలేది ఒక్క లాస్యే. నాలుగేళ్ల పిల్ల. ఒంటి మీద పాత గౌను, చేతిలో నీళ్ల చెంబు. మేడ మీద పగిలిన బకెట్లలో, రంగుల డబ్బాల్లో వేసిన పాలకూరకూ మెంతికూరకూ నీళ్లు పోయడమే దాని పొద్దుటి పని.

"మీ మనవరాలిని ఏ బళ్లె ఏసిండ్రమ్మా?" సూర్యాపేటలో కనబడిన వాళ్లంతా అడిగేవాళ్లు.

"ఏస్తం, ఏస్తం. ఇంక చిన్నదే గదా," అని భద్రమ్మ మాట దాటేసి, ఇంటికొచ్చి గిన్నెలు గట్టిగా తోమేది.

లాస్యకు ఐదేళ్లు నిండేదాకా బడి మాట ఎత్తొద్దని కోడలు కల్పన పట్టుబట్టింది. కల్పనది కోదాడ. పెళ్లికి ముందు అక్కడ ఒక చిన్న ప్రైవేటు బడిలో నర్సరీ పిల్లల్ని చూసుకునేది. నిద్రమత్తులో తూలే పసిపిల్లలు పలక నిండా ఒకే గీత గీయలేక ఏడుస్తుంటే చూసి చూసి విసిగిపోయింది. నా పిల్లకు నేనే నేర్పుకుంటానంది. ట్రాక్టర్ల షోరూములో పనిచేసే శ్రీకాంత్ భార్య మాటకు సరేనన్నాడు. పెనిమిటి అచ్చయ్య చనిపోయాక పెన్‌పహాడ్‌లో గొర్రెల్ని అమ్మేసి కొడుకు పంచన చేరిన భద్రమ్మను మాత్రం ఎవరూ అడగలేదు.

అడిగితే ఆమె దగ్గర చెప్పడానికి ఒకటే ఉంది. చిన్నప్పుడు గొర్రెల్ని తోలుకుపోతూ బడి కిటికీ దగ్గర ఆగేది. లోపల పిల్లలు గొంతులు చించుకుని ఎక్కాలు చదువుతుండేవాళ్లు. సారు చేతిలో బెత్తం ఉండేది. ఆ బెత్తం దెబ్బలు తిన్న పిల్లల్ని చూసినా ఆమెకు అసూయే కలిగేది. చదువంటే ఆమె మనసులో అదే నిలిచిపోయింది. నాలుగు గోడలు, గంట, భయం. నవ్వుతూ తుళ్లుతూ వచ్చేది చదువెట్లవుతుంది?

కల్పన చదువేమో వంటింట్లోనే మొదలయ్యేది. చిక్కుడుకాయలు కింద పోసి లేతవి ఒకవైపు, ముదురువి ఒకవైపు పెట్టమనేది. మొలకెత్తిన మెంతుల్ని వేళ్లతో తాకి చూడమనేది. అన్నం ఉడికేలోపు బొమ్మల పుస్తకం తెరిచేది. భద్రమ్మ కాస్త దూరంగా పీట వేసుకుని, ఏదో ఆకుకూర తెంపుతూ, వినీ విననట్టు కూర్చునేది.

"ఇదేంటి లాస్యా?"

"మేక!"

భద్రమ్మ నోరు ఊరుకోలేదు. "మేకెక్కడిదే! గొర్రె అది. తోక సూడు, కిందికున్నది. మేక తోకైతే మీదికి లేస్తది."

"విన్నావా లాస్యా? రేపటి నుంచి మీ టీచరు నానమ్మే," అని కల్పన నవ్వింది.

"నాకేమొస్తది బిడ్డా. సదువుకున్నదాన్నా, సంతకం తెలిసినదాన్నా!"

అన్నదే గాని, మర్నాడు భద్రమ్మ పీట ఒక జానెడు దగ్గరికి జరిగింది. ఆ తర్వాత ఇంకొంచెం. పిల్ల కాలు పొరపాటున పుస్తకానికి తగిలితే ఆమే ముందు వంగి దాన్ని కళ్లకద్దుకునేది. "సరస్వతి తల్లే అది, తొక్కుతవా?" అని లాస్యకు చీవాట్లు పెట్టేది. బొమ్మ కింద ఉన్న అక్షరాల మీద కల్పన వేలు నడుస్తుంటే భద్రమ్మ చూపు కూడా ఆ వేలి వెంటే నడిచేది. ఆ సంగతి ఆమె గమనించుకోలేదు. కల్పన గమనించిందేమో మరి, ఏమీ అనేది కాదు. వేలు మాత్రం కాస్త నిదానంగా కదిపేది.

ఆత్మకూరులో ఉన్న భద్రమ్మ ఆడబిడ్డ జానమ్మ కూతురికి ఆ వానాకాలంలో పుట్టింటి సారెతో ఒడిబియ్యం పోయాల్సి వచ్చింది. సకినాలు చుట్టి పెట్టమని జానమ్మ కబురు చేసింది. సకినాలంటే భద్రమ్మకు ప్రాణం లేచొస్తుంది. బియ్యం నానబోసి, పిండి పట్టించి, నువ్వులూ వామూ కలిపి తడిపి, నేల మీద తెల్లటి పాత ధోవతి పరిచింది. వేళ్ల మధ్య నుంచి పిండి సన్నటి తాడులా మెలితిరుగుతూ చుట్టలు చుట్టలుగా దిగుతుంటే లాస్య నోరు తెరుచుకుని చూస్తోంది.

"అత్తయ్యా, ఒక్కటి నేను చెప్పినట్టు చుడతారా?" అంది కల్పన. తడివేలితో బట్ట మీద మెల్లగా ఒక వంకర గీత గీసింది. భద్రమ్మ ఆ తడి ఆరేలోపు దాని మీదుగా పిండి తాడును తిప్పింది.

"లా! నా లా!" అని లాస్య ఎగిరింది.

"ఇదిగో, ఇది మీది," అని కల్పన ఇంకొకటి గీసింది. "మీ పేరు మొదలయ్యేది దీనితోనే."

భద్రమ్మ చుట్టింది. చుట్టి, చేయి వెనక్కి తీసుకుని చూసింది. ఇన్నేళ్లుగా ఆ వేళ్లు ఇంతకన్నా కష్టమైన మెలికలు ఎన్ని తిప్పలేదు! ఒళ్లంతా ఏదో వెచ్చగా అయింది. ఇంకోటి గీయమని అడగాలనిపించింది. కోడలిని అడగడం ఎట్లాగో తెలియక ఊరుకుంది. అడగకుండానే కల్పన గీసింది. ఆ పొద్దంతా ధోవతి మీద సకినాల మధ్య అక్షరాలు పరుచుకున్నాయి.

నూనె కాగింది. అక్షరాల దగ్గరికొచ్చేసరికి భద్రమ్మ చేయి ఆగింది. "వీటిని గూడ నూనెల ఎయ్యాల్నా బిడ్డా?"

"వెయ్యకపోతే పాడైపోతాయిగా అత్తయ్యా. అయినా లాస్యకు తినాలనే ఆశ."

సరిగ్గా లాస్య తన "లా"ను కరకరమని కొరుకుతున్నప్పుడే జానమ్మ మెట్లెక్కి వచ్చింది. విషయం విని నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏందొదినే, సదువుల తల్లిని నూనెల ఏంచుకొని తింటున్నరా? మస్తుగున్నది! మా ఊళ్లె పోరగాండ్లు బస్సెక్కి బడికి పోతున్నరు. సూర్యాపేటల ఉండి మీ పిల్ల పిండి పిసుకుతాంది. మా అమ్మగారింట్ల నువ్వు గొర్లు కాసినవ్, నీ మనవరాలు గరిటె తిప్పుతది. ఏం మారిందే?"

"చిన్నపిల్ల కదా పిన్నిగారూ..." అని కల్పన ఏదో చెప్పబోయింది.

"నువ్వాగమ్మా. మీ కోదాడోళ్లు మాటలు మంచిగనే సెప్తరు," అని జానమ్మ నవ్వుతూనే ఒక సకినం విరిచి నోట్లో వేసుకుంది. "ఉప్పు సరిపోయిందొదినే."

జానమ్మ డబ్బా నింపుకుని వెళ్లిపోయింది. ఆ మాట మాత్రం పోలేదు. మనవరాలు కూడా తనలాగే మిగిలిపోతుందన్న భయం భద్రమ్మ గుండెలో ముల్లులా దిగింది. అక్షరాల్ని తన చేత్తోనే నూనెలో వేసింది. ఆ చదువుల తల్లి ఊరుకుంటుందా? ఒకసారి తన గడప తొక్కలేదు, ఇప్పుడు ఈ పిల్ల గడప కూడా తొక్కకపోతే?

శ్రీకాంత్ అన్నానికి కూర్చోగానే మొదలుపెట్టింది. "పిల్లను బళ్లె ఏస్తవా, నన్ను పెన్‌పహాడ్ బస్సెక్కిస్తవా?"

"ఏమైందమ్మా ఇప్పుడు? ఉత్తగనే పరేషాన్ చేస్తవేంది?"

"ఏమైతది? నలుగురిల తలెత్తుకోకుండైతాంది. వంటింట్ల ఆడుకుంట ఎవలన్న సదువుకున్నరా?"

కల్పన కూర గిన్నె కింద పెట్టింది. "అత్తయ్యా, ఒక్క ఏడాది ఆగండి. దానికి అన్నీ వస్తున్నాయి. మీరే చూస్తున్నారు కదా. మీకు కూడా..." అని ఆగిపోయింది.

ఆ "మీకు కూడా" ఏమిటో భద్రమ్మ పట్టించుకోలేదు. "ఆగి ఆగే నా బతుకు గిట్లయింది," అంది. ఇక ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు కూడా ముట్టకపోయేసరికి శ్రీకాంత్ దిగివచ్చాడు.

దసరా సెలవుల తర్వాత లాస్య పసుపు బస్సెక్కింది. మెడకు టై, కాళ్లకు నల్ల బూట్లు. ఆ పొద్దు భద్రమ్మ గేటు దాకా ఏమిటి, సందు చివరి దాకా పోయి నిలబడింది. తెలిసినవాళ్లను తానే పిలిచి మరీ చెప్పింది. కల్పన మేడ మీది పిట్టగోడ దగ్గర నిలబడి చూసి లోపలికి వెళ్లిపోయింది. అత్తను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని భద్రమ్మకు తర్వాత చాలాసార్లు అనిపించింది.

కొన్నాళ్లకు కల్పన మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసులో పనికి కుదిరింది. "ఇంట్లో ఉండి ఏం చెయ్యను?" అంది. పొద్దున్నే డబ్బా కట్టుకుని బస్టాండుకు పోతే, దీపాలు పెట్టే వేళకు చీర మీద సన్నటి తవుడు దుమ్ముతో వచ్చేది. నీళ్లు పోసే చేతులు లేక డబ్బాల్లో పాలకూర ముదిరి పూత పట్టింది. భద్రమ్మ తనే నీళ్లు పోద్దామనుకునేది. మోకాళ్లు మెట్లెక్కనిచ్చేవి కావు. లాస్య ఉన్నప్పుడు అవే మోకాళ్లు ఎట్లా ఎక్కాయో ఆమెకే తెలియలేదు.

ఒక మధ్యాహ్నం ఇల్లు సర్దుతూ బొమ్మల పుస్తకాలు అటక మీదికి చేర్చబోయి ఒకటి తెరిచింది. గొర్రె బొమ్మ. కింద అక్షరాలు. అందులో ఒకటి ఆమెను పలకరించినట్టయింది. పేజీ తిప్పింది. ఇదుగో, తన పేరులోది. ఇది లాస్య పేరులోది. ఇది కల్పన తడివేలితో రెండుసార్లు గీసిన వంకర. వాటి పక్కనే మిగతావి పేర్లు తెలియని చుట్టాల్లా నిలబడి ఉన్నాయి. భద్రమ్మ పుస్తకం పట్టుకుని నేల మీదే కూర్చుంది. ఆ వంటింట్లో పాఠం ఒక్క పిల్లకే జరగలేదు. జరుగుతున్న పాఠాన్ని అన్నం మానేసి మరీ ఆపించింది తనే. ఆ రాత్రి కోడలు "మీకు కూడా" అని ఎందుకు ఆగిందో అప్పుడు తెలిసింది.

సాయంత్రం లాస్య రాగానే పుస్తకం ముందు పెట్టింది. "ఇదేందో జర సెప్పు బంగారం."

"అట్ల కాదు నానమ్మా. స్కూల్ ఆట ఆడుదాం," అని లాస్య స్కేలు తెచ్చుకుంది. "చేతులు కట్టుకో. ఫింగర్ ఆన్ లిప్స్!"

భద్రమ్మ చేతులు కట్టుకుంది. మూతి మీద వేలు పెట్టుకుంది.

"ఇదేందే..."

"మాట్లాడొద్దన్నానా!" స్కేలు ఆమె మోచేతి మీద పడింది. దెబ్బ పెద్దదేమీ కాదు. కాని ఆ చిన్న ముఖంలో కనుబొమలు ముడిపడిన తీరు చూసి భద్రమ్మ మూతి మీది వేలు దించేసింది. ఆ కిటికీ దగ్గర నిలబడి ఆశపడిన దెబ్బ ఇదేనా?

"పిండి తడపనా? సకినాలు చుడదామా ఇద్దరం?" అని బతిమాలింది.

"ఛీ, చేతులు డర్టీ అవుతాయి. మా మిస్ గోర్లు చూస్తుంది," అని లాస్య స్కేలు పడేసి టీవీ ముందుకు పోయింది.

కల్పన వచ్చేదాకా భద్రమ్మ గుమ్మంలోనే కూర్చుంది. మంచినీళ్లిచ్చి, చెప్పుల పక్కనే చతికిలబడింది.

"కల్పనా, పిల్లను బడి మాన్పిద్దామే."

కల్పన నీళ్ల గ్లాసు పట్టుకుని అట్లాగే చూసింది. "ఏమన్నారూ?"

"నాది తప్పయింది బిడ్డా. నువ్వు సెప్పినట్టే మంచిగుండె. దానికి గిప్పుడు నవ్వే లేదు."

"ఇప్పుడెట్లా అత్తయ్యా?" కల్పన గొంతులో కోపం లేదు. అలసట ఉంది, అంతే. "దానికి అక్కడ స్నేహితులున్నారు. నాకు మిల్లులో పని ఉంది. మానేస్తే మళ్లీ దొరకదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా దాన్ని కూర్చోబెట్టుకుని చెప్పే ఓపిక... అప్పుడుండేది. ఇప్పుడు లేదు."

భద్రమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంది, విప్పింది. అసలు మాట నోటి దాకా వచ్చి ఆగుతోంది. "నువ్వు దానికి సెప్తుంటే నాక్కూడ కొన్ని వచ్చినయి."

"నాకు తెలుసు అత్తయ్యా."

"ఎరికేనా? మరి ఒక్కనాడన్న అనకపోతివి?"

"అంటే మీరు పీట వెనక్కి జరుపుకుంటారని."

ఆ మాటకు భద్రమ్మ తల వంచుకుంది. అట్లాగే, "మిగిలినయి సెప్తవా నాకు?" అని అడిగింది. ఆ వయసులో ఎవరినైనా ఏదైనా ఇంత చిన్న గొంతుతో అడగడం ఆమెకు అదే మొదలు.

కల్పన లేచి, డబ్బా తీసుకుని వంటింట్లోకి నడుస్తూ, "ఆదివారం చూద్దాం అత్తయ్యా," అంది.

ఆదివారమంటే వారం బట్టలన్నీ ఉతికే రోజు. అది భద్రమ్మకు తెలుసు. అందుకే ఆ ఆదివారం చీకటితోనే లేచింది. ఇంటిల్లిపాది బట్టలు నానబెట్టి, ఉతికి, పిండి, మోకాళ్లను తిట్టుకుంటూ మెట్లెక్కి మేడ మీద ఆరేసింది. ఇల్లు ఊడ్చి, టీ పెట్టింది. కోడలు గదిలోకి తొంగి చూసింది.

కల్పన లాస్యను కరుచుకుని పడుకుని ఉంది. దుప్పటిలోంచి బయటికి వచ్చిన పాదాలు బస్సుల్లో నిలబడి నిలబడి వాచి ఉన్నాయి. నిద్రలో కూడా నుదురు ముడిచే ఉంది. భద్రమ్మ లేపడానికి చేయి చాపింది. చేయి వెనక్కి తీసుకుంది. దుప్పటి కిందికి లాగి ఆ పాదాలు కప్పి, తలుపు దగ్గరగా వేసి వచ్చేసింది.