బీరువా కింద పిల్లి

మా ఆవిడ పిల్లికి కిడ్నీలు పోయాయి. నాకు జ్వరమొస్తే మాత్ర డబ్బాలో ఉంది చూసుకోమనే మనిషి, రోజూ దాని మూతి నొక్కి మందు పోసి, మెడ పట్టుకుని సూది గుచ్చేది. చివరికి ఆవిడ గొంతు వింటే చాలు, అది బీరువా కిందికి దూరేది. ఏనాడూ ముద్దు చెయ్యని నా దగ్గరికి మాత్రం వచ్చేది.

"మీరు పిలవండి, వస్తుంది," అంది ఆవిడ, సూది వీపు వెనక దాచుకుని.

"బాగుపడదని డాక్టరు చెప్పాడుగా. ఇంకా ఎందుకే దాన్ని కాల్చుకు తింటావు? నొప్పి లేకుండా ప్రాణం పోయేలా ఆ చివరి సూది వేయించెయ్."

"మీది రాతిగుండె. అది నన్నొదిలి ఉండలేదు."

"నిన్ను చూస్తే పారిపోతోంది కదే తల్లీ!"

ఆవిడ నేలమీద కూర్చుని ముద్దుగా పిలిచింది. పిల్లి బీరువా కింద నుంచి బుస్సుమంది.

ఆవిడ చేతిలో సూది పక్కన పెట్టేసింది. "సరే, తీసుకెళ్దాం," అంది. "బుట్టలోకి మాత్రం మీరే పిలవండి."

పిలిచాను. తూలుకుంటూ వచ్చి నా కాలికి తల రుద్దింది.