ముప్పై పాళ్ళ తవుడు

తవుడు లేకుండా దూడల దాణా ఎలా కలపడం? వందకి నలభై పాళ్ళు మొక్కజొన్న నూక, ఇరవై ఏడు వేరుశనగ చెక్క, ముప్పై తవుడు, రెండు ఖనిజ లవణాలు, ఒకటి ఉప్పు. తవుడు తీసేసి నూక పెంచితే దూడ పొట్ట పాడవుతుంది. చెక్క పెంచితే కొనలేరు. పడవలో కూర్చుని పెర్సిస్ ఇదే తిప్పి తిప్పి ఆలోచిస్తోంది. ఆమె మోకాళ్ళకు తగులుతూ పన్నెండు బస్తాల తవుడుంది.

అది చేపలది. చిల్లులు పొడిచిన సంచుల్లో తవుడు నింపి, నరసరాజు చెరువులో పాతిన కర్రలకు కట్టడం ఆ కొల్లేటి గట్టు మీది ఆడవాళ్ళందరి పని. తాడేపల్లిగూడెం మిల్లు తవుడంతా ఆయనకే వస్తుంది. ఆడవాళ్ళు వెళ్ళి అడగబోతే, "మీకు అమ్మితే రాజుగారు మా దగ్గర కొనడం మానేస్తారండీ" అని మిల్లువాళ్ళు దణ్ణం పెట్టి పంపించేశారు. పశువులు మేసే బీడు ఎప్పుడో చెరువైపోయింది. పెర్సిస్ పాకలో ఏడు నెలల పెయ్యదూడ వీపెముక తేలి వట్టిగడ్డి నములుతోంది.

నిన్న సాయంత్రం గేటు దగ్గర మేస్త్రీ నెల్సన్ విజయకుమారిని ఆపి కొంగు దులపమన్నాడు. గుప్పెడు తవుడు రాలింది. అందరూ చూస్తుండగా దాన్ని ఆమె చేతే ఏరించాడు. వెనకే ఉన్న పెర్సిస్, అడక్కముందే తన కొంగు దులిపి చూపించింది. ఎందుకలా చేసిందో ఆమెకే తెలియదు. తన చేతులు తనవి కానట్టున్నాయి.

ఇవాళ పదకొండు మంది పడవెక్కలేదు. గట్టు మీద పట్టా పరుచుకుని కూర్చున్నారు. చందాలేసుకుని చింతలపూడి నుంచి తెచ్చిన నూక, చెక్క దాని మీదే పోశారు. అలవాటు కొద్దీ ముందే ఎక్కేసిన పెర్సిస్ దిగనూ లేక, పడవ నెట్టనూ లేక అలాగే ఉండిపోయింది.

"నెలకి రెండే రెండు బస్తాలు మిల్లు ధరకి వదలమను మీ రాజుగారిని" అంది పట్టా మీద కూర్చున్న ఎలిజబెత్.

"చేపలు మాడితే ఎవరిదే పూచీ?" నెల్సన్ అరిచాడు.

"మా దూడలు మాడినప్పుడు ఎటెళ్ళిందిరా నీ పూచీ? ఆదివారం చర్చిలో మా పక్కనే గొంతు చించుకుంటావుగా!" అంది విజయకుమారి. అందరూ గొల్లుమన్నారు.

"గట్టు ఎవరిదో మర్చిపోకండి. ఆయన తల్చుకుంటే సాయంత్రానికి ఒక్క పాకా ఉండదు" అన్నాడు నెల్సన్.

నవ్వులు ఆగిపోయాయి. నెల్సన్ నీటి అంచుకి దిగి గొంతు తగ్గించాడు.

"పెర్సిసక్కా, నువ్వు నెమ్మదైనదానివి. రాజుగారు ఒక బస్తా నీకిమ్మన్నారు. మిగతావి కట్టేసి రా." పడవలోంచి ఒక బస్తా ఎత్తి గట్టు మీద పడేశాడు.

తన దూడ ఒక్కదానికైతే అయిదు నెలలు వస్తుంది. దూడ నిలబడుతుంది. పాక నిలబడుతుంది. అందరి పన్నెండు దూడలకీ పంచితే రెండు వారాలే. ఆ తర్వాత? ఎటు ఆలోచించినా గోడే తగులుతోంది.

పెర్సిస్ మోకాలి లోతు నీళ్ళలోకి దిగింది. గట్టెక్కి బస్తాని రెండు చేతులా ఈడ్చుకుంటూ పట్టా మీదికి తెచ్చింది.

"అటు కాదక్కా! అది నీ ఒక్కదానికే!"

పెర్సిస్ వంగి, బస్తా మూతి కుట్టులో దారం కొస వెతికి పట్టుకుని, ఒక్క లాగు లాగింది.