గోడకు అతికించిన గాజు

గాజు పలకను గోడ మీంచి పీకింది మా అక్కే. ఆ మాట నేనే ముందు చెప్పేస్తాను. తర్వాత ఇంకెవరో వచ్చి చెబితే నాకు ఒళ్ళు మండుతుంది.

అక్కా నేనూ కలిసి క్రెష్ నడుపుతాం. పనికెళ్ళే అమ్మానాన్నల పసివాళ్ళను పొద్దున్నుంచి సాయంత్రం దాకా చూసుకుంటాం. పిల్లలు అక్క వంతు, వంటా కేకలూ నా వంతు. మధ్యాహ్నం పిల్లలు పడుకునే గదిలో కిటికీ మూల నుంచి నేల దాకా గోడ బీటలు వారింది. ఇంటాయనకు చెబితే "ఏం కాదమ్మా" అన్నాడు. ఆయనకు కుళాయి కారినా ఏం కాదు, మెట్టు ఊడినా ఏం కాదు. అందుకే చాటుగా ఆయన్ని ఏంకాదుగారు అంటాం. ఆయన ఉండేది మా ఎదురుగానే, కొత్తగా కట్టుకున్న ఇంట్లో. ఆ గోడలకు వెంట్రుకంత గీత కూడా లేదు.

అక్క పోరగా పోరగా నగరపాలక సంస్థ నుంచి తనిఖీ ఇంజనీరు వచ్చాడు. బీటను స్కేలుతో కొలిచి రాసుకున్నాడు. దానికి అడ్డంగా అగ్గిపెట్టెంత గాజు పలక ఒకటి ప్లాస్టరుతో అతికించి, మళ్ళీ వస్తానని వెళ్ళిపోయాడు. గోడ కదిలితే ఆ గాజు పగులుతుంది, అలా తెలుస్తుంది, అదీ సంగతి. ఆ ముక్క మాకు చెబితే ఆయన సొమ్మేం పోయేదో.

కొన్నాళ్ళకు గాజు నడిమికి పగిలింది. పిల్లల చేతికందే ఎత్తులో పగిలిన గాజు ఉంటే మా అక్క ఊరుకుంటుందా? అట్లకాడతో గీకేసి, తడిగుడ్డ పెట్టి తుడిచి, ముక్కలు కాగితంలో చుట్టి చెత్తలో పారేసింది. ఇంజనీరు మళ్ళీ వచ్చి, గాజు లేదని పెదవి విరిచి, అదెందుకు పెట్టాడో అప్పుడు చెప్పి పోయాడు. వెనకాలే ఏంకాదుగారు దిగాడు.

"ప్రభుత్వం పెట్టిన గుర్తు మీరే పీకేసి, నా గోడ మీద చాడీలా? భయమైతే ఖాళీ చెయ్యండి."

ఆ సాయంత్రం పిల్లలందరూ వెళ్ళిపోయాక అక్క ఆ గోడ ముందు కూలబడింది. "పగిలినదాన్నే పీకానే. ఇప్పుడు ఎవరు నమ్ముతారు? రేపు ఆ గోడ పిల్లల మీద పడితే?" అని ఏడ్చింది. అక్క ఏడిస్తే నేను చూడలేను. నాకు ఏడుపు రాదు, కోపం వస్తుంది.

"గాజు పోతే పోయింది. మొదటిసారి కొలిచి రాసుకున్నాడుగా, అదెక్కడికి పోతుంది? ఆ కొలత పట్టుకొస్తాను, ఉండు" అన్నాను.

నగరపాలక సంస్థ ఆఫీసులో, రికార్డుల గదిలో ఒక గుమాస్తా ఉన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు, కుర్చీలోంచి లేవడమంటే ప్రాణసంకటం, అంతే.

"ఇల్లు ఎవరి పేరు మీదుంది?"

"ఇంటాయన పేరు మీద."

"అయితే ఆయన్నే రమ్మనండి."

"ఆయన వస్తే నేనెందుకు వస్తాను బాబూ?"

పక్క కిటికీకి పొమ్మన్నాడు. పక్క కిటికీలో ఆవిడ మళ్ళీ ఈయన దగ్గరికే పొమ్మంది. కాలికి బలపం కట్టుకుని తిరిగాను. పొద్దున వంట ముగించి, పసుపు మరకల చీరతోనే వెళ్ళేదాన్ని. గుమ్మం దగ్గర గోడ మీద పెద్ద బోర్డు ఉంది, తనిఖీ నివేదికలు ఎవరైనా అడిగి చూడవచ్చని. దాన్ని చూపించాను.

"బోర్డు పాతదమ్మా" అన్నాడు గుమాస్తా, నిమ్మకు నీరెత్తినట్టు.

"పాతదైతే తీసెయ్యండి. తీసేదాకా నేను రోజూ వస్తాను."

అన్నట్టే రోజూ వెళ్ళాను. ఒకరోజు ఫ్యాను గాలికి ఆయన తల వెనక వేలాడుతున్న క్యాలెండరు పైకి లేచింది. దాని కింద అగ్గిపెట్టెంత గాజు పలక, చుట్టూ ప్లాస్టరు. నాకు బాగా తెలిసిన గాజే. నడిమికి పగిలి ఉంది. అడిగేదేముంది, బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి క్యాలెండరు ఎత్తి పట్టుకున్నాను.

"ఇదేంటి?"

"అదా? ఏదో గుర్తు. చూడ్డానికి బాగోలేదని నేనే క్యాలెండరు తగిలించాను."

నాకు నవ్వు ఆగలేదు. మా అక్కకు తోడబుట్టిన తమ్ముడు ఇక్కడున్నాడన్నమాట. గోడ కదలకపోతే ఆ గాజు పగలదని, ఎందుకు పెడతారో, పగిలితే ఏమిటో విడమరచి చెప్పాను. వింటూ వింటూ ఆయన లేచాడు. కుర్చీని మెల్లగా కిటికీ వైపు లాక్కున్నాడు. వరసలో నిలబడ్డవాళ్ళు కూడా ఒక అడుగు వెనక్కి వేశారు.

"ఎప్పుడు పగిలిందంటారు?" అన్నాడు, గొంతు తగ్గించి.

"నాకేం తెలుసు? మీ రికార్డు తీసి చూసుకోండి. ఇంతకీ ఈ ఆఫీసు మీ పేరు మీదుందా, లేకపోతే సొంతదారుణ్ణి రమ్మనాలా?"

ఆయన లోపలికి వెళ్ళి రెండు ఫైళ్ళు పట్టుకొచ్చాడు. మాది కాపీ తీసి, ముద్ర వేసి, సంతకం పెట్టి నా చేతికిచ్చాడు. రెండోది, వాళ్ళ ఆఫీసు గోడది, కిటికీ దగ్గర నిలబడే చదువుకుంటున్నాడు. నేను వచ్చేసేటప్పుడు కూడా తల ఎత్తలేదు. పాపం అనిపించింది, కాదనను.

ఇంటికొచ్చి కాగితం అక్కకు చూపించాను. మొదటి రోజు బీట అర మిల్లీమీటరు. ఆ గోడలో ఇప్పుడు నా గరిటె కాడ దూరుతోంది. మళ్ళీ తనిఖీ చెయ్యమని దాని జిరాక్సు జతచేసి అర్జీ పెట్టాను. ఇంజనీరు ఎప్పుడొస్తాడో, అంతదాకా పిల్లల్ని ఎక్కడ పడుకోబెట్టాలన్నదే మిగిలింది. మూసేద్దామంటే వాళ్ళ అమ్మలు పనులు మానుకోవాలి.

అక్క ఆ కాగితాన్ని మళ్ళీ ఒకసారి చదివింది. చేతులు కడుక్కుంది. పిల్లల్ని బయటికి తీసుకెళ్ళేటప్పుడు వాడే ముడుల తాడు కొక్కెం మీంచి తీసింది. పిల్లల్లో ఒక్కొక్కరి చేత ఒక్కో ముడి పట్టించింది.

"ఎక్కడికే?" అన్నాను.

"చాపలు పట్టుకుని రా" అంది.

తాడు పట్టుకుని పిల్లలు బుడిబుడిగా వీధి దాటారు. అక్క ఎదురింటి గంట నొక్కింది. ఏంకాదుగారు తలుపు తీశాడు. అక్కను చూశాడు, తాడును చూశాడు, చాపలు మోస్తున్న నన్ను చూశాడు. ఆయన ఏదో అనబోయేలోపే అక్క కాపీని ఆయన చేతిలో పెట్టింది. ఆయన చదివాడు. 

"అమ్మా, గోడ సంగతి నేను చూస్తాను. ఇంత మంది నా హాల్లో అంటే ఎలాగమ్మా?"

జీవితంలో ఎవరినీ గట్టిగా ఒక మాట అనని మా అక్క, అప్పుడూ గొంతు పెంచలేదు.

"ఏం కాదండీ. మీ గోడ బాగు చేయించేదాకానే" అంది. ఆయన పక్కనుంచి లోపలికి తొంగి చూసి అడిగింది. "పిల్లల చెప్పులు ఎక్కడ విప్పమంటారు?"