రెండోసారి పడ్డ పిండి

కోయంబత్తూరులో మా షెడ్డులో దోసెలు పోసే యంత్రాలు తయారవుతాయి. నేను అక్కడ తీగలు బిగిస్తాను. ఆ వారం మాత్రం నా అసలు పని దోసెలు తినడం.

ఒక హాస్టల్‌కి వెళ్లాల్సిన యంత్రం నలభై దోసెలకోసారి పిచ్చిపని చేస్తోంది. పెనం మీద దోసె కాలుతుండగానే దాని మీద ఇంకో గరిటెడు పిండి పోసేస్తోంది. ఎప్పుడు పోస్తుందో తెలియదు కనుక మేం దోసెలు వేయిస్తూనే ఉండాలి. వేయించినవి పారేయడానికి మా యజమాని పళనియప్పన్‌కు చేతులు రావు. "తినండమ్మా, మన పిండేగా!" అంటూ ఇంటి నుంచి చట్నీ పంపేవాడు. మూడో రోజుకి పక్క షెడ్డు వాళ్లు, పిలిచి దోసె పెడతామని భయపడి, మా గుమ్మం ముందు నడవడం మానేశారు.

తప్పెక్కడుందో కనిపెట్టే పని కొత్త ఇంజనీరు అరసుది. అగ్గిపెట్టెంత లాజిక్ ఎనలైజర్ తెచ్చి యంత్రం తీగలకు తగిలించాడు. తీగలో సంకేతం ఉందా లేదా అని అది మాటిమాటికీ చూసి, చూసిందల్లా దాచుకుంటుంది.

"సెకనుకి పదికోట్ల సార్లు చూస్తుందక్కా! దీని కన్నుగప్పడం ఎవరి తరం?" అన్నాడు మరగదం అక్కతో.

పాతికేళ్లు నూలుమిల్లులో మోటార్లు బాగుచేసి వచ్చిన మనిషి ఆమె. "ఎంతసేపు చూస్తుంది తమ్ముడూ?" అంది.

అరసు వినిపించుకోలేదు. పిండి రెండోసారి పడగానే, చూసింది దాచడం మొదలుపెట్టమని పెట్టె మీట నొక్కాడు. దానికి తగిలించిన కంప్యూటర్ తెర మీద ఏమీ లేదు. ఆ పెట్టెలో ఇరవైనాలుగు లక్షల చూపులకే చోటు. పదికోట్ల వేగంతో సెకనులో నలభయ్యో వంతు కూడా గడవకముందే అది నిండిపోయింది. జరగాల్సిందేమో అంతకుముందే జరిగిపోయింది.

మర్నాడు వేగం పదివేలకు దించాడు. ఈసారి నాలుగు నిమిషాల సంగతి పెట్టెలో పట్టింది. రెండోసారి పిండి పడటం కూడా అందులో దొరికింది. కానీ గరిట తన చోటికి చేరిందని చెప్పే తీగ మాత్రం నిశ్శబ్దంగా ఉంది. అది చెబితేనే పిండి పడాలి.

"ఎవరూ చెప్పకుండానే పోస్తోంది సార్. యంత్రాన్ని నడిపే బోర్డు పాడైంది" అని అరసు యజమానికి తేల్చి చెప్పేశాడు. బోర్డు మార్చాం. ముప్పయ్యారో దోసె మీద మళ్లీ పిండి పడింది. దాన్ని నేనే తినాల్సి వచ్చింది.

అరసు తల పట్టుకుని కూర్చున్నాడు. మరగదం అక్క స్టూలు లాక్కుంది.

"చూపుకీ చూపుకీ మధ్య ఏదైనా వచ్చి పోతే నీకెలా తెలుస్తుంది? మోటారు ఆగినప్పుడు పక్క తీగలో చిన్న ఉలికిపాటు వస్తుంది. రెండు మైక్రోసెకన్లు అనుకో. దాని మీద నాలుగైదు చూపులు పడాలంటే వేగం ఎంత?"

అరసు లెక్క వేశాడు. "ఇరవైనాలుగు లక్షలు చాలు. కానీ అప్పుడు ఒక్క సెకనే దొరుకుతుందక్కా. ఆ సెకను ఏదో మనకెలా తెలుసు?"

"మనకెందుకు? దాన్నే కాపలా ఉండమను. గరిట చోటికి రాకుండా పిండి పడిందంటే అప్పుడు ఆగమను. ముందు అర సెకను, తర్వాత అర సెకను దాచమను."

అలాగే పెట్టారు. ఇరవైరెండో దోసెకి పెట్టె దానంతటదే ఆగింది. పిండి పడటానికి కాస్త ముందు, గరిట చేరిందని చెప్పే తీగలో సన్నటి ముల్లులా ఒక గీత. సరిగ్గా గరిట మోటారు ఆగిన క్షణాన. దాన్నే బోర్డు గరిట చేరిన సంకేతం అనుకుని పిండి పోసేస్తోంది.

"ఇదేనక్కా! ఇదే దొంగముండ!" అని అరసు గంతేశాడు.

నా మొహం వెలవెలబోయింది. మోటారు తీగనీ ఆ తీగనీ కలిపి కట్టింది నేనే, చూడ్డానికి ముచ్చటగా ఉంటుందని. ఆ ముడి కోసి రెండింటినీ విడివిడిగా నడిపాను. రెండువందల దోసెలు వేయించాం. ఒక్కటీ తప్పలేదు.

పళనియప్పన్ వచ్చి అరసు భుజం తట్టాడు. "పట్టేశావా! ఆ పెట్టె గొప్పదయ్యా."

అరసు నేల చూపులు చూశాడు. "పెట్టె నాదే సార్. వాడటం అక్కకి తెలుసు."

"ఆ తీగలు కలిపి కట్టింది ఎవరో చెప్పొద్దు" అని నేను అక్కని కళ్లతోనే బతిమాలాను. మరగదం అక్క నవ్వు ఆపుకుంటూ పెట్టె తీగలు చుట్టసాగింది.